క్రాబ్ నెబ్యులా వెలుగు ఎవరిది? పల్సార్ వదిలేది గాలేనా?

నాగావళి_మాస్టారు:
మొన్న మా మండలంలో పిల్లల సైన్సు క్విజ్. "క్రాబ్ నెబ్యులా వెలుగుకి కారణమేమిటి?" అని ప్రశ్న. క్రాబ్ నెబ్యులా అంటే పేలిన నక్షత్రం తాలూకు మేఘం, పల్సార్ అంటే ఆ పేలుడులో మిగిలి గిరగిరా తిరిగే నక్షత్రపు నడిబొడ్డు. మా ఎనిమిదో తరగతి పిల్ల "మధ్యలో ఉన్న పల్సార్ వదిలే గాలి" అంది. జడ్జిగారు తప్పన్నారు. 1054లో నక్షత్రం పేలడమే సరైన జవాబట. మార్కు పోతే పోయింది. పిల్ల చెప్పింది నిజంగా తప్పా?

ఉద్దానం_కొబ్బరి:
తప్పే మాస్టారూ. 1054 జూలైలో చైనా వాళ్లు కొత్త చుక్క చూసి రాసిపెట్టుకున్నారు, 23 రోజులు పట్టపగలే కనబడింది. ఆ పేలుడు లేకపోతే నెబ్యులా ఎక్కడిది? ఇక గాలి అంటారా, శూన్యంలో గాలేమిటండీ? గాలంటే 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదకి తెచ్చింది. గంటకి 140 కిలోమీటర్ల పైమాటే. నలభై కొబ్బరిచెట్లు వేళ్లతో లేచిపోయాయి. పరిహారం జాబితాలో ఇరవై రెండే రాశారు. గాలంటే ఏమిటో నాకు చెప్పొద్దు.

వంశధార_గుంటడు:
సెట్లకీ సుక్కలకీ ఏటి సంబంధం బావూ

నాగావళి_మాస్టారు:
చెట్ల సంగతి బాధాకరమే, కాదనను. కానీ ప్రశ్న నెబ్యులా ఎలా పుట్టిందని కాదు, ఎలా వెలుగుతోందని. బయట ఎర్రగా కనబడే పోగులు ఆ పేలిన నక్షత్రం ఒళ్లే, ఒప్పుకుంటాను. లోపలి నీలి వెలుగు వేరు. అది అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరిగే ఎలక్ట్రాన్లు ఇచ్చే సింక్రోట్రాన్ వెలుగని 1953లోనే సోవియట్ ఖగోళ శాస్త్రవేత్త ష్క్లోవ్‌స్కీ చెప్పాడు. అందులో ఎక్స్‌రేలు ఇచ్చే ఎలక్ట్రాన్లు కొన్నేళ్లకే నీరసపడిపోతాయి. వెయ్యేళ్ల నాటి పేలుడు ఈనాటి ఎలక్ట్రాన్‌కి తిండి ఎలా పెడుతుంది?

పెట్టేవాడు 1968లో దొరికాడు. సెకనుకి 30 సార్లు తిరిగే పల్సార్. దాని తిరుగుడు కొంచెం కొంచెంగా మందగిస్తోంది. అలా పోతున్న శక్తి లెక్కేస్తే లక్ష సూర్యుల పెట్టు. నెబ్యులా చేసే ఖర్చుకి సరిపోయి ఇంకా మిగులుతుంది.

ఉద్దానం_కొబ్బరి:
ఇంత రాశారు, గాలి దగ్గరకి మాత్రం రాలేదు. సూర్యుడి నుంచి కొట్టుకొచ్చే కణాల్ని కూడా పుస్తకాల్లో సౌర పవనం అంటారు. గాలి అనరు.

బొబ్బిలి_తీగ:
సంస్కృతంలో అంటే శూన్యంలో వీస్తుందా అన్నా?

నాగావళి_మాస్టారు:
వస్తున్నా. ఎలక్ట్రాన్లు, వాటికి ధనావేశపు జోడైన పాజిట్రాన్లు, వాటితోపాటు అయస్కాంత క్షేత్రం, ఇదంతా దాదాపు కాంతి వేగంతో పల్సార్ నుంచి బయటికి కొట్టుకొస్తుంది. దాన్ని మా పిల్లలకి హాస్టల్ కొళాయి దగ్గర చూపించాను. స్టీలు కంచం బోర్లించి, సన్నటి ధార మధ్యలో పడేలా పెట్టాను. ధార చుట్టూ నీళ్లు పల్చగా, నున్నగా జారిపోతాయి. కొంత దూరం పోయాక ఒక్కసారి ఆగి, గుండ్రంగా గట్టు కడతాయి. పల్సార్ గాలిదీ అదే వరస. తన్నుకుపోయినంతసేపు అసలు కనబడదు. ముందున్న సరుకుని గుద్దుకున్న చోట కణాలు చెదిరి మెరుస్తాయి. అంతరిక్షంలో ఎక్స్‌రేలు చూసే చంద్రా టెలిస్కోపు 1999లో తీసిన బొమ్మలో పల్సార్ చుట్టూ ముందు వెలితి, తర్వాత మెరిసే ఉంగరం. ఆ గట్టు పల్సార్‌కి కాంతి సంవత్సరంలో మూడో వంతు దూరంలో ఉంది. మీ తోటలో మాత్రం గాలి కనబడిందా? చెట్టుకి తగిలాకే కదా!

పలాస_జీడిపప్పు:
2021లో చైనాలోని లాసో అనే గామా కిరణాల పరిశోధన కేంద్రం వాళ్లు క్రాబ్ నుంచి పెటా ఎలక్ట్రాన్‌వోల్టు (అంటే వెయ్యి లక్షల కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి) దాటిన గామా కిరణం పట్టారు. పాత బూడిదలోంచి వచ్చే సరుకు కాదది. మాస్టారికే నా ఓటు.

ఉద్దానం_కొబ్బరి:
నా చెట్లతో ఉపమానాలు కట్టొద్దు. ఓట్లతో తేలేదీ కాదు. డిగ్రీ ఆఖరి ఏడు వైవాలో "సోలార్ విండ్ అంటే?" అని అడిగారు. తెలుగు మీడియం వాణ్ని, "సూర్యుడి గాలి సార్" అన్నాను. "ఏం, సూర్యుడు ఫ్యానేసుకున్నాడా?" అన్నాడాయన. గదంతా నవ్వింది. మిగతా జవాబు నోట్లోనే ఉండిపోయింది. మీరిప్పుడు ఆ పిల్లకి అదే ముక్క నేర్పి పంపుతున్నారు. రేపు విశాఖలో నలుగురి ముందు నవ్వులపాలైతే మీరొచ్చి కంచం బోర్లిస్తారా?

వంశధార_గుంటడు:
ఓలమ్మో

నాగావళి_మాస్టారు:
ఇదయ్యా మీరు ముందే చెప్పాల్సింది. ఇంతసేపూ శూన్యంలో గాలేమిటని తిప్పారు. మీ జవాబులో తప్పులేదు. తప్పు ఆ నవ్వినాయనది.

ఉద్దానం_కొబ్బరి:
నవ్వినాయన మార్కులు వేసే కుర్చీలో ఉన్నాడు. మీ క్విజ్ జడ్జీ అదే కుర్చీ. రెండు మాటలూ నేర్పండి, ముందు వాళ్ల మాట, తర్వాత మన మాట.

నాగావళి_మాస్టారు:
ముందు మన మాటే. అర్థమయ్యాక పేరు ఏదైనా పెట్టుకుంటారు. ఇక్కడ మీకూ నాకూ కుదరదు.

బొబ్బిలి_తీగ:
ఇంతకీ మార్కు సంగతి అడిగారా?

నాగావళి_మాస్టారు:
పిల్లే వద్దంది. "మళ్లీ ఆ సార్ దగ్గరికి నాను రాను" అంది.

ఉద్దానం_కొబ్బరి:
కంచం బోర్లించి చూశాను. కొళాయి జోరు పెంచితే గట్టు దూరం జరిగింది, తగ్గిస్తే దగ్గరకొచ్చింది. పల్సార్ మందగిస్తోందన్నారు కదా, మరి ఆ ఉంగరం కూడా లోపలికి జరుగుతుందా? గాలి అని మాత్రం ఇప్పటికీ అనను.