అప్‌డేట్: అమ్మకు కొన్న ఫోను, నాలుగు నెలల తరువాత

అమ్మకు 20 వేల రూపాయల లోపు ఏ ఫోను మంచిదని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. కెమెరా మెగాపిక్సెళ్లు కాదు, తెర చూసి కొనమని మీరన్న మాట విని ఒకటి తీసుకున్నాను.

తెర విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. అమోలెడ్ (ప్రతి చుక్కా విడిగా వెలిగి ఆరే తెర) కావడంతో నలుపు నల్లగానే కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం డాబా మీద వడియాలు పెడుతూ కూడా అమ్మ వీడియో కాల్‌లో నన్ను స్పష్టంగా చూస్తోంది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ మరుసటి ఉదయం దాకా వస్తోంది.

మనసు కష్టపెట్టింది కెమెరానే. 50 మెగాపిక్సెళ్లు అని రాసి ఉన్నా, నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి మామూలుగా ఇచ్చేది పన్నెండున్నరే. అది లోపం కాదు, తక్కువ వెలుతురులో మేలే చేస్తుంది. అసలు లోపం ఓఐఎస్ లేకపోవడం. అంటే చేతి కదలికను సరిదిద్దేలా లెన్సు కదలదు. కార్తిక దీపాల ముందు తీసిన ఫోటోలన్నీ చెదిరిపోయాయి. అమ్మ చేయి కొద్దిగా వణుకుతుంది. ఆ సంగతి మీకు ముందే చెప్పవలసింది, చెప్పలేదు. మరీ దగ్గరి వస్తువులను తీసే 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా ఉన్నా లేనట్టే.

ఫోనుతో పాటే వచ్చిన అక్కర్లేని యాప్‌లు తొలగించాక వేగం బాగానే ఉంది. నా పాత ఫోనులో ఓఐఎస్ ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫోటోల కోసం దాన్ని అమ్మకు ఇచ్చి వస్తాను.