ఎదిగే పిల్లలకు కృత్రిమ కాలు: ఒకసారి ఇచ్చే విరాళం ఎంతవరకు ఉపయోగపడుతుంది?

ప్రశ్న

నమస్కారం. మేం 12 మంది మిత్రులం రెండేళ్లుగా ప్రతి నెలా కొంత సొమ్ము పక్కన పెడుతూ వచ్చాం. మందుపాతరల వల్లనో, ప్రమాదాల వల్లనో, పుట్టుకతోనో కాలు లేదా చెయ్యి లేని పేద దేశాల పిల్లలకు ఆ సొమ్ము చేరాలన్నది మా అందరి కోరిక. అయితే ఎలా ఇవ్వాలన్న దగ్గర ఏకాభిప్రాయం కుదరడం లేదు. బిడ్డకు ఒక కాలు చొప్పున లెక్కవేసి, వీలైనంత మందికి అమర్చే శిబిరాలకు ఇద్దామని కొందరంటున్నారు. ఎందరికి మేలు జరిగిందో అప్పుడు కచ్చితంగా తెలుస్తుందన్నది వారి వాదన, అందులో తప్పు పట్టవలసింది నాకూ కనిపించలేదు. సంపన్న దేశాల్లో వాడి పక్కన పెట్టిన కృత్రిమ కాళ్లను సేకరించి పంపేవారికి ఇద్దామని మరికొందరంటున్నారు. ఒక మిత్రురాలు మాత్రం, పిల్లలు ఎదుగుతారు కదా, ఆ కాలు పొట్టిదైపోయాక వాళ్లేం చేస్తారని అడిగింది. మాలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. ఈ రంగంలో పనిచేసినవారు, స్వయంగా అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం (కృత్రిమ అవయవాల తయారీలో పనిచేస్తున్నాను)

మీ మిత్రురాలు సరైన చోటే వేలు పెట్టారు. పెద్దవారికి అమర్చిన కృత్రిమ కాలు మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తే, ఎదిగే బిడ్డకు దాన్ని దాదాపు 6 నెలలకొకసారి మార్చవలసి వస్తుందని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఎంతోకాలంగా చెబుతోంది. పదేళ్ల వయసులో కాలు పోయిన బిడ్డకు జీవితకాలంలో ఇరవైకి పైగా కాళ్లు కావాలన్నమాట. ఇందులో పొడవు చాలకపోవడం చిన్న సమస్య. మధ్యలోని గొట్టాన్ని మార్చి కొన్నాళ్లు సర్దుకోవచ్చు. తొలగించగా మిగిలిన కాలి భాగం ఇమిడి కూర్చునే తొడుగును మేం సాకెట్ అంటాం. కాలు ఎదిగే కొద్దీ అది బిగుసుకుపోయి, చర్మం ఒరిసి, పుండు పడుతుంది. అప్పుడు మళ్లీ అచ్చు తీసి కొత్త సాకెట్ చేయవలసిందే.

దాతలకు సాధారణంగా తెలియని విషయం ఇంకొకటి ఉంది. ఎముకను మధ్యలో కోసినప్పుడు, పిల్లల్లో ఆ కొస చుట్టూ ఉన్న చర్మాన్నీ కండనూ మించి పెరుగుతుంది. మోకాలి కింద తొలగించిన కాళ్లలో, మోచేతి పైన తొలగించిన చేతుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మొనదేలిన ఎముక లోపలి నుంచి పొడుస్తూ, పట్టించుకోకపోతే చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. అందుకే వీలున్న చోట శస్త్రవైద్యులు పిల్లలకు ఎముకను కోయకుండా కీలు దగ్గరే వేరుచేస్తారు. అలా చేస్తే ఈ బాధ తప్పుతుంది, ఎముక ఎదిగే భాగమూ మిగులుతుంది. కాని మందుపాతర నుజ్జు చేసిన కాలి విషయంలోను, విరిగిన ఎముకకు నాటు వైద్యులు అతిగా బిగించిన కట్టు వల్ల కుళ్లిన కాలి విషయంలోను అంత వెసులుబాటు ఉండదు. అలాంటి పిల్లల్లో కొందరికి ఎదుగుదల ఆగేలోపు మళ్లీ మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది. నేను పనిచేసిన శిబిరాల లెక్కల్లో ఆ ఖర్చు ఎప్పుడూ లేదు.

కాబట్టి ఏళ్ల తరబడి ఒకేచోట తెరిచి ఉండే కేంద్రానికి, అందులో పనిచేసే స్థానిక నిపుణుల శిక్షణకు మీ సొమ్ము వెళ్లేలా చూడండి. కంబోడియా రాజధాని నోమ్ పెన్‌లో 1994లో మొదలైన కృత్రిమ అవయవాల శిక్షణాలయం ఇందుకు మంచి ఉదాహరణ.

రెండవ సమాధానం (బాల్యం నుంచి కృత్రిమ కాలు వాడుతున్నాను)

తొమ్మిదో ఏట లారీ ప్రమాదంలో నా కుడికాలు పోయింది. మొదటి కాలు ఒక శిబిరంలో అమర్చారు. ఆ రోజు నేను నిలబడినప్పుడు మా అమ్మ ఏడ్చింది. ఆ శిబిరం నడిపినవారి మీద నాకు నేటికీ కృతజ్ఞత ఉంది. అయితే ఏడాది తిరగకముందే అది బిగుతైపోయింది. శిబిరం వారు అప్పటికే వెళ్లిపోయారు, ఎవరిని అడగాలో మాకు తెలియలేదు. పుండ్లు మానేదాకా విప్పి పక్కన పెట్టడం, మళ్లీ తొడుక్కోవడం, చివరికి అసలే తొడుక్కోకపోవడం, ఇలా ఊతకర్రల మీదే రెండేళ్లు గడిచాయి. బడి మానలేదు గాని, ఆటల పీరియడ్‌లో తరగతి గదికి కాపలా ఉండేవాడిని.

తరువాత ఒక శాశ్వత కేంద్రం గురించి తెలిసింది. అక్కడ కాలు ఉచితమే. ఇంటి నుంచి ఒకటిన్నర రోజు ప్రయాణం, అచ్చు తీసి అమర్చి నడక నేర్పేదాకా రెండు వారాల బస, ఆ రెండు వారాలూ అమ్మకు కూలి లేకపోవడం, ఇవి మాత్రం ఉచితం కాదు. ప్రయాణ ఖర్చు, బస కేంద్రమే భరించబట్టి నేను ఏటా వెళ్లగలిగాను. మీరు ఏ సంస్థకు ఇచ్చినా తోడు వచ్చే తల్లికి దారిఖర్చు ఇస్తారా, ఉండడానికి చోటు ఉందా అని ముందు అడగండి. ఇంకొక మాట. కాలు లేని భాగం కనిపించేలా నన్ను దాతల ముందు నిలబెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంది. ఆ వయసులో వద్దనడం నాకు తెలియదు. దయచేసి మీరు అలాంటి ఫొటోలు కోరకండి.

మూడవ సమాధానం (ఒక సహాయ సంస్థలో కొంతకాలం పనిచేశాను)

వాడిన కాళ్ల సేకరణ గురించి చెబుతాను. ఒకరి సాకెట్ మరొకరికి పనికిరాదు, అది ఆ మనిషి కాలికే చేసినది. పాదం, మోకాలి కీలు, గొట్టం, వాటిని కలిపే భాగాలు విడదీసి తిరిగి వాడవచ్చు. అయితే మేం అందుకున్న పెట్టెల్లో పిల్లల కొలతలకు సరిపోయేవి అతి తక్కువగా ఉండేవి. పైగా పది రకాల తయారీల భాగాలు వస్తే, ఒకటి విరిగినప్పుడు జోడు దొరకదు. రెడ్‌క్రాస్ కేంద్రాలు పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో ఒకే పద్ధతి భాగాలను వాడడానికి ఒక కారణం ఇదే: ధర తక్కువ, నేర్పడం తేలిక, స్థానికంగా మరమ్మతు చేసుకోవచ్చు. త్రీడీ ప్రింటింగ్ చేతుల మీద కూడా దాతలకు మోజు ఎక్కువ. వాటిలో చాలావాటిని ముడుచుకునేలా చేసేది మణికట్టు కదలిక కాబట్టి మణికట్టు మిగిలిన పిల్లలకు కొంత ఉపయోగం. మిగతావారికి అంతగా ఉండదు.

పిల్లలను ఏళ్ల తరబడి చూసుకోవడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే రెడ్‌క్రాస్ తరఫున కాబూల్‌లో ఇటలీకి చెందిన ఫిజియోథెరపిస్టు ఆల్బెర్టో కైరో 1990 నుంచి చేస్తూ వచ్చిన పనిని చూడండి. అక్కడి సిబ్బందిలో అత్యధికులు తామూ వైకల్యం ఉన్నవారే. కాలు అమర్చడంతో ఆగకుండా చదువుకు, చేతిపనికి, చిన్న రుణాలకు సాయం చేశారు. కొత్తగా కాలు పోయిన బిడ్డకు, అలాంటి కాలితోనే నడిచి వచ్చి అచ్చు తీసే మనిషి ఎదురుపడడాన్ని మించిన ధైర్యం నాకు తోచదు.

నాలుగవ సమాధానం

శిబిరాల పట్ల పైవారు కొంచెం కఠినంగా ఉన్నారని నాకనిపిస్తోంది. 1968లో రూపొందిన జైపూర్ పాదం, 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ద్వారా అనేక దేశాల్లో ఉచితంగా అందింది. దగ్గరలో ఏ కేంద్రమూ లేని చోట, ఏళ్లుగా నేల మీద పాకుతున్న బిడ్డకు మొదటి కాలు శిబిరంలోనే దొరుకుతుంది. శిబిరం ముగిశాక ఆ బిడ్డల వివరాలు ఏ కేంద్రానికి అప్పగిస్తారో అడిగి, జవాబు చెప్పగలిగిన శిబిరానికి ఇవ్వడంలో తప్పు లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రెండవ సమాధానం మా మిత్రులందరికీ చదివి వినిపించాను, చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొత్తం సొమ్మును ఒకేసారి ఇవ్వకుండా ఒక శాశ్వత కేంద్రానికి ఐదేళ్లపాటు విడతలుగా ఇవ్వాలని, అందులో సగం పిల్లల, తోడు వచ్చేవారి ప్రయాణానికి, బసకు కేటాయించమని కోరాలని అనుకున్నాం. ఫొటోలు పంపవద్దని, ఏడాదికొకసారి ఎందరు పిల్లలు తిరిగి వచ్చి సాకెట్ మార్చుకున్నారో ఆ సంఖ్య మాత్రం చెప్పమని రాస్తున్నాం. ఆ ఉత్తరంలో ఇంకేమైనా అడగాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

తిరిగి రాని పిల్లల సంఖ్య కూడా అడగండి. వారి ఇళ్లకు ఎవరైనా వెళ్లి చూస్తున్నారో లేదో అడగండి. ఎవరూ వెళ్లడం లేదంటే, మీ మొదటి విడతలో కొంత ఆ పనికే ఇవ్వండి.