ఎన్నూరు వైపు కాలువ ఒడ్డున పాత పడవల యార్డు: మీటరు మట్టి తీసేస్తే సరిపోతుందా?

కాలువగట్టు:
ఉత్తర చెన్నైలో బకింగ్‌హాం కాలువను ఆనుకుని రెండున్నర ఎకరాలు. మునుపు పడవల రిపేరు, వెల్డింగు, పెయింటు పని జరిగేది. ఒక మూల డీజిల్ ట్యాంకులు ఉండేవి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, ఒడ్డు వెంట నడక దారి కట్టాలని ఆలోచన. ఆరు బోర్లు వేసి, ఒక్కో బోరులో పై మీటరు మట్టినంతా కలిపి టెస్టు చేయించారు. సీసం ఒకచోట కిలోకు 900 మి.గ్రా., మిగతా చోట్ల 60 నుంచి 180. ట్యాంకుల దగ్గర టీపీహెచ్ (మట్టిలోని మొత్తం పెట్రోలియం నూనెలు) 4,200. నీళ్ళు 1.8 మీటర్లకే తగిలాయి. కాంట్రాక్టరు మీటరు తవ్వి పారేసి, గ్రావెల్ నింపి, బేస్‌మెంటు కట్టేద్దామంటున్నాడు. ఇందులో ఎక్కడ దెబ్బతింటాం?

మట్టిలెక్క:
ముందు ఖర్చు లెక్క వేయండి. 10,000 చ.మీ. మీద మీటరు తవ్వితే 10,000 ఘ.మీ., దాదాపు 18,000 టన్నులు. 20 టన్నుల టిప్పరుకి 900 ట్రిప్పులు. అందులో చాలా మట్టి బాగున్న మట్టే అయ్యుండొచ్చు. అసలు డీజిల్ మాత్రం మీటరు కింద అలాగే ఉంటుంది, ఎందుకంటే అది నీటి మట్టం దాకా దిగి, అక్కడ పక్కలకు పాకుతుంది.

మీ రిపోర్టులో నాకు గుచ్చుకున్నది మట్టి కలపడం. పెయింటు గోకిన పొడి పై పది సెంటీమీటర్లలోనే ఉందనుకోండి. మీటరంతా కలిపితే వచ్చిన 900, అక్కడ నిజానికి 9,000. ఇళ్ళ స్థలానికి అమెరికాలో సీసం హెచ్చరిక స్థాయి చాలాకాలం 400 ఉండేది, 2024లో 200కి దించారు. మీ 180 కూడా నిశ్చింతగా వదిలేసే అంకె కాదు. 0–10 సెం.మీ., 50 సెం.మీ., నీటి మట్టం దగ్గర, దాని కింద, ఇలా విడివిడిగా తీయించండి. థిన్నరు వాడిన చోట పాలిథీన్ సంచీలో మట్టి పంపితే టొల్యూన్, జైలీన్ దారిలోనే ఎగిరిపోతాయి. గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, ఐసు పెట్టెలో పంపాలి.

ఆరు బోర్లంటే బోరుకి 1,700 చ.మీ. 20 మీటర్ల గళ్ళలో 25 వేసినా, 24 మీటర్ల వ్యాసం కన్నా చిన్న మచ్చ తప్పించుకోగలదు. కాబట్టి గళ్ళకి తోడు గురిపెట్టి వేయండి: ట్యాంకు గుంత, నూనె పోసే చోటు, పెయింటు షెడ్డు, డ్రెయిను కాలువలో కలిసే మూతి, పడవల్ని నీళ్ళలోకి దించే వాలు అయిన స్లిప్‌వే. స్లిప్‌వే ముందు బురదకి టీబీటీ (నాచు, గుల్లలు పట్టకుండా పడవ పెయింటులో కలిపిన తగరం సమ్మేళనం) టెస్టు ప్రత్యేకంగా అడగాలి. అడుగుభాగాలకి పూసే ఆ పెయింటుకి 2008 నుంచి అంతర్జాతీయ నిషేధముంది గానీ బురదలో పాతది మిగిలే ఉంటుంది. మామూలు లోహాల టెస్టులో అది బయటపడదు.

పోటు_పాటు:
నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. కనీసం నాలుగు పరిశీలన బావులు కావాలి: ట్యాంకుల దగ్గర ఒకటి, కాలువ వైపు రెండు, రోడ్డు వైపు ఒకటి. బావిలో రంధ్రాలున్న జాలీ పైపు నీటి మట్టానికి పైనా కిందా మీటరు చొప్పున ఉండాలి. పూర్తిగా నీళ్ళలో ముంచితే పైన తేలే నూనె బావిలోకి రానే రాదు. చుట్టూ జల్లెడ పట్టిన ఇసుక, దానిపైన అర మీటరు బెంటొనైటు (తడిస్తే ఉబ్బి సందులు మూసే బంకమట్టి), ఆపైన సిమెంటు గ్రౌటు.

కాలువలో ఆటుపోటు ఆడుతుంటే ఒక్కసారి కొలిచి వదలకండి. పన్నెండున్నర గంటల పాటు గంటకోసారి కొలవండి. నీళ్ళు దిగినప్పుడు బావిలో నూనె పొర మందంగా కనబడుతుంది, ఎక్కినప్పుడు మట్టి రంధ్రాల్లో ఇరుక్కుని మాయమవుతుంది. పోటులో కొలిచి "నూనె లేదు" అని రాసిన రిపోర్టుకి విలువ లేదు. ముఖద్వారం దగ్గర ఇసుక మేట పడ్డ రోజుల్లో ఆటుపోటు అణిగిపోతుంది, అది కూడా నోట్ చేసుకోండి.

కాలువగట్టు:
ఇద్దరికీ థ్యాంక్స్ అండి. కాంపౌండు గోడ మీద మోకాలెత్తున నల్లటి నూనె చార ఉంది. అదీ యార్డుదేనా?

పోటు_పాటు:
2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదలప్పుడు ఎన్నూరు క్రీకు (సముద్రపు పాయ)లోకి నూనె వచ్చింది కదా. చార సమంగా, ఒకే ఎత్తులో ఉంటే వరదని అనుమానించండి. గోడ నుంచి గీకిన మచ్చనీ, ట్యాంకు గుంతలోని నూనెనీ జీసీ-ఎంఎస్‌లో (నూనెలోని పదార్థాల్ని విడదీసి గుర్తించే యంత్రం) పోల్చమనండి. డీజిల్‌లో హోపేన్లు (నూనె రకాన్ని గుర్తుపట్టడానికి వాడే బరువైన అణువులు) దాదాపు ఉండవు, ముడి నూనెలో ఉంటాయి. ఖర్చు ఎవరి నెత్తిన పడాలో తేలేది ఇక్కడే, తవ్వకం మొదలయ్యాక ఆ ఆధారం పోతుంది.

మట్టిలెక్క:
తవ్విన మట్టిని ఎక్కడ పారేస్తారో రాయించుకున్నారా? సీసం మట్టికి టీసీఎల్‌పీ (మట్టిలోంచి విషం ఎంత కరిగి బయటికొస్తుందో చూసే టెస్టు) చేయించాలి. అందులో మట్టికి ఇరవై రెట్ల ద్రవం పోస్తారు కాబట్టి 900ని 20తో భాగిస్తే, సీసమంతా కరిగితే లీటరుకి 45 మి.గ్రా. పరిమితి 5. అంటే టెస్టు తప్పే అవకాశముంది. తప్పితే అది ప్రమాదకర వ్యర్థం, ఫారం 10 (రవాణా పత్రం) మీద గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్ళాలి. పల్లపు చేనులో పోస్తే బాధ్యత ఈ యార్డు స్థలం వాళ్ళదే. 2025 జులైలో కలుషిత స్థలాలకి కేంద్రం విడిగా నిబంధనలు కూడా తెచ్చింది, కాలుష్య నియంత్రణ బోర్డుకి ముందే చెప్పి పని మొదలుపెట్టండి. ఒడ్డు వెంట సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) పరిధి 2019 నోటిఫికేషన్ ప్రకారం 50 మీటర్లు లేదా కాలువ వెడల్పు, ఏది తక్కువైతే అది. నడక దారికి దాని అనుమతీ కావాలి.

బేస్‌మెంటు మానేయండి. 1.8 మీటర్లకే నీళ్ళున్న చోట మూడు మీటర్లు తవ్వితే రాత్రింబవళ్ళు పంపు నడవాలి. అది కాలువ ఉప్పునీటినీ, పక్క స్థలాల మురికినీ మీ గుంతలోకి లాగుతుంది. తోడిన నీళ్ళని శుద్ధి చేయకుండా కాలువలోకి వదల్లేరు. నీళ్ళు రాకుండా స్లర్రీ గోడ (బంకమట్టి కలిపిన నీళ్ళతో కట్టే భూగర్భ అడ్డుగోడ) కడతామంటే, మామూలు బెంటొనైటు ఉప్పునీళ్ళలో సరిగా ఉబ్బదు, అటపల్‌గైటు అనే వేరే బంకమట్టి వాడాలి. దానికన్నా స్టిల్ట్ పార్కింగ్ పెట్టండి. కింద గాలి ఆడుతుంది, మట్టిలోంచి వచ్చే ఆవిరి ఇళ్ళలోకి ఎక్కదు. పైల్స్ వేసేటప్పుడు బంకమట్టి పొర దాటితే కేసింగు తప్పనిసరి, లేకపోతే పైనున్న డీజిల్‌కి మీరే కిందికి దారి తవ్వినట్టు.

తవ్వకం జనవరి నుంచి మే లోపు ముగించుకోండి. కాలువ గట్టు పక్కన తవ్వేటప్పుడు ఆటు సమయంలో పని పెట్టొద్దు. బయట నీళ్ళు దిగిపోయాక లోపలి తడి మట్టికి ఆనిక పోయి గట్టు కాలువలోకి జారుతుంది.