అప్‌డేట్: యాభై దాటాక, మాంద్యంలో ఉద్యోగ వేట

యాభై దాటినవాళ్ల రెజ్యూమెకి జవాబే రావట్లేదు, ఏం మార్చాలని అడిగాను కదా. 6 నెలల కాంట్రాక్టు కుదిరింది. సలహాలిచ్చిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

బాగా పనికొచ్చింది ఫార్మాట్ సలహా. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు కంపెనీలు రెజ్యూమెలు వడపోయడానికి వాడే కొన్ని స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్లకు సరిగ్గా అందవు. ఫైలంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ వరుస చెదిరితే సాఫ్ట్‌వేర్‌కీ చెదిరే అవకాశం ఎక్కువ. చివరి 10–15 ఏళ్ల అనుభవం చాలు, 2 పేజీలు మించొద్దు. డిగ్రీ పాసైన సంవత్సరం తీసేయండి.

పర్మనెంట్ పోస్టులు ఆపేసిన కంపెనీలు కూడా ఆగకూడని పనులకు కాంట్రాక్టు మీద తీసుకుంటాయి. ఆ ఖాళీలు అన్నీ ప్రకటనల్లోకి రావు, పాత సహోద్యోగులనూ అడగాలి. ఇంటర్వ్యూలో "ఇంత అనుభవముండి ఈ పోస్టుకా?" అని కంపెనీవాళ్లు అడిగితే, మీరు త్వరగా వెళ్లిపోతారేమోనని వాళ్ల భయం. ఎంత జీతానికి, ఎన్నాళ్లు ఉంటారో ముందే చెప్పేయండి.