గోడ మీద బొమ్మ, గొలుసుల బొమ్మ: 'పినప్ గర్ల్'కి తెలుగు మాట కావాలి

మన భాషా గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా బండి కదలట్లేదు, మీరే ఓ చెయ్యి వెయ్యాలి. మా తమ్ముడు గేముల మీద తెలుగులో వీడియోలు చేస్తాడు, స్క్రిప్టు రాసిపెట్టేది నేను (జీతం లేదు, అప్పుడప్పుడూ బిర్యానీ). ఈసారి వాడు పట్టుకున్నది ఫాల్అవుట్ ఆటలో కనిపించే న్యూకా గర్ల్‌ని. వాడు రాసుకొచ్చిన మొదటి వాక్యం ఇది: "న్యూకా గర్ల్ ఒక రెట్రో సైఫై పినప్ మస్కట్." ఇందులో తెలుగు మాట 'ఒక' ఒక్కటే. అమ్మ విని "ఏం మందురా అది, పొద్దున వేసుకోవాలా సాయంత్రమా?" అంది.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మొదటి ఫాల్అవుట్ 1997లో వచ్చింది. కథ ప్రకారం 2077 అక్టోబరు 23న అణుయుద్ధం జరిగి అమెరికా బూడిదవుతుంది, ఆ తర్వాత చాలా ఏళ్లకి మనం ఆ శిథిలాల్లో తిరుగుతుంటాం. తమాషా ఏంటంటే 2077 వచ్చినా అక్కడి బట్టలు, కార్ల షేపులు, ప్రకటనలు, రేడియో పాటలు అన్నీ 1950ల దగ్గరే ఆగిపోయి ఉంటాయి. ఇంట్లో పనిచేసే రోబో ఉంటుంది, అణుశక్తితో నడిచే కారు ఉంటుంది, టీవీ మాత్రం నలుపు తెలుపు డబ్బా. ఆ లోకంలో పేరున్న కూల్‌డ్రింకు న్యూకా కోలా. యుద్ధం తర్వాత సీసా మూతలే అక్కడ డబ్బు. ఆ కోలా పోస్టర్ మీది అమ్మాయే న్యూకా గర్ల్: ఒంటికి అతుక్కున్న స్పేస్‌సూట్, తలకి గాజు బుడగ లాంటి హెల్మెట్, ఒక నవ్వు. 2015లో వచ్చిన ఫాల్అవుట్ 4కి మరుసటి ఏడు న్యూకా వరల్డ్ అని ఒక ముక్క కలిపారు, అందులో ఆ కోలా కంపెనీ కట్టిన అమ్యూజ్‌మెంట్ పార్కే ఉంటుంది, ఆవిడ సూటు దొరికితే మనమూ వేసుకోవచ్చు.

(ఆటకి అసలు మస్కట్, అంటే గుర్తుగా నిలిచే బొమ్మ, బొటనవేలు ఎత్తి కన్నుకొట్టే వాల్ట్ బాయ్ కదా అని ఎవరో ఒకరు అంటారు. తెలుసు. ఆ కుర్రాడి పోలికలు మోనోపలీ ఆటలోని టోపీ ముసలాయన నుంచి వచ్చాయి, అతని సంగతి వేరే వీడియోలో.)

నా చిక్కంతా 'పినప్' దగ్గర, అంటే చూపు ఆగేలా పత్రికల్లోనూ పోస్టర్ల మీదా వేసే అందమైన అమ్మాయి బొమ్మ. 'శృంగార చిత్రం' అంటే వేరే సినిమా గుర్తొస్తుంది. 'అందగత్తె బొమ్మ' అంటే రాకుమారుడి కథలా ఉంది. ఏమనొచ్చు?

మాస్టారు (రిటైర్డ్ తెలుగు పండితులు): అమ్మా, మన దగ్గర మాట లేక కాదు, వాడక పోయింది. 'సాలభంజిక' ఉంది కదా. సాలవృక్షం కొమ్మ వంచి పట్టుకున్న స్త్రీ అని అసలు అర్థం, తర్వాత స్తంభాల మీది అందమైన స్త్రీ ప్రతిమలన్నిటికీ వాడుక అయింది. చూడటానికే చెక్కిన అందం. ఇంతకంటే ఏం కావాలి?

వరంగల్ అన్న: మాస్టారు చెప్పింది మా రామప్ప గుడికి సరిగ్గా సరిపోతది. 1213 నాటి గుడి, చూరు కింద నల్లరాతి మదనికలు ఏటవాలుగా నిలబడి ఉంటయి, అందులో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నయని గైడ్లు ప్రతి ఒక్కరికీ చూపిస్తరు. గాజు హెల్మెట్ ఒక్కటే తక్కువ.

నేను: అన్నా, ఆ చెప్పులు నేనూ చూశాను, మెడ పట్టేసింది. మాస్టారూ, మాట అందంగా ఉంది కానీ నాకో అభ్యంతరం. సాలభంజిక గుడిలో భాగం, అక్కణ్నుంచి ఊడదీయలేం. పినప్ అలా కాదు. ఆ మాట విప్పి చూడండి, అందులో అమ్మాయే లేదు! పిన్ను, అప్పు, అంతే. గోడకి గుచ్చినది అని అర్థం. రేపు పీకేసి ఇంకోటి గుచ్చొచ్చు. అంటే ఆ మాట బొమ్మలో ఎవరున్నారో చెప్పట్లేదు, దాన్ని ఎవరో ఏం చేశారో చెప్తోంది.

చరిత్ర చూసినా అదే. జార్జ్ పెట్టీ గీసిన అమ్మాయిలు 1933 నుంచి ఎస్క్వైర్ పత్రికలో వచ్చారు, 1940లో ఆల్బెర్టో వర్గాస్ వచ్చాడు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికులు ఆ పేజీలు చింపి బ్యారక్‌లో మంచం పక్కన గుచ్చుకున్నారు, ఈ 'పినప్' మాట జనం నోట్లో పడింది కూడా అప్పుడే. 1943లో హాలీవుడ్ నటి బెటీ గ్రేబుల్ ఈతదుస్తుల్లో వెనక్కి తిరిగి భుజం మీంచి చూసే ఫోటో అలా గుచ్చుకున్నవాటిలో అన్నిటికంటే పేరుమోసింది. గోడ చాలక విమానాల ముక్కు మీద కూడా ఎక్కించారు. మెంఫిస్ బెల్ అనే బి-17 బాంబర్ మీద ఉన్నది పెట్టీ అమ్మాయే. అది గుచ్చడం కాదు, రంగులేసి గీయడం, అయినా సంగతి ఒక్కటే.

విజయవాడ నుంచి ఒక అంకుల్: మీరంతా ఎక్కడికో వెళ్లిపోయారు. మా రోజుల్లో దీనికి మాట ఉందమ్మా, 'బ్లోఅప్'. సినిమా వారపత్రిక నడిమధ్య రెండు పేజీల నిండా హీరోయిన్ ఉండేది. పేజీ చిరగకుండా పిన్నులు మెల్లగా వంచి తీసి, సెలూన్ గోడకో హాస్టల్ గది తలుపు వెనకో అన్నం మెతుకులతో అంటించేవాళ్లం. అమెరికావాడు పిన్ను గుచ్చి పినప్ అన్నాడు, మనం పిన్ను పీకి బ్లోఅప్ అన్నాం.

నేను: అంకుల్, ఈ గ్రూపులో ఈ ఏడాది వచ్చిన కామెంట్లలో ఇదే బెస్టు. కానీ బ్లోఅప్‌లో ఉండేది ఫలానా హీరోయిన్, పేరున్న మనిషి. న్యూకా గర్ల్ ఎవరూ కాదు, సరుకు అమ్మడానికి పుట్టిన బొమ్మ. అందుకని నేను 'క్యాలెండర్ బొమ్మ' వైపు మొగ్గుతున్నాను. నిజానికి అమెరికాలో పినప్‌లకి పెద్ద ఇల్లు క్యాలెండరే. మిన్నెసోటాలో సెయింట్ పాల్ అనే ఊళ్లో బ్రౌన్ అండ్ బిగెలో అని క్యాలెండర్ల కంపెనీ ఉంది. గిల్ ఎల్వ్‌గ్రెన్ అనే చిత్రకారుడు దానికోసం ఏళ్ల తరబడి ఈ అమ్మాయిల్ని గీశాడు: కంచె దాటుతుంటే గౌను చిక్కుకోవడం, కుక్క గొలుసు కాళ్లకి చుట్టుకోవడం, ఆ అమ్మాయి "అయ్యో" అన్నట్టు నోరు తెరవడం. అదే కంపెనీ బాలల స్కౌట్ల క్యాలెండర్లు కూడా వేసింది, వాటికి బొమ్మలు నార్మన్ రాక్‌వెల్‌వి. ఒకే ప్రెస్సు, ఒకటి ఇంట్లోకి, ఇంకోటి మెకానిక్ షెడ్డులోకి. ఇంకా బాగుండే ముక్క: ఎల్వ్‌గ్రెన్‌కి గురువులాంటి హాడన్ సండ్‌బ్లమ్ 1931 నుంచి కోకాకోలా ప్రకటనలకి శాంటాక్లాజ్‌ని గీసినాయన. ఎల్వ్‌గ్రెన్ కూడా కోలా ప్రకటనలు వేశాడు. అంటే పినప్ గీసిన చెయ్యీ కోలా అమ్మిన చెయ్యీ ఒకటే. ఆటవాళ్లు కోలా సీసా పక్కన పినప్‌ని నిలబెట్టడం గాల్లోంచి పుట్టిన ఆలోచన కాదు.

అడ్మిన్: క్యాలెండర్ బొమ్మ అంటే మా ఇంట్లో లక్ష్మీదేవి. శివకాశిలో అచ్చయి, కింద ఎరువుల కొట్టు పేరు, ఫోన్ నంబరు. న్యూకా గర్ల్‌ని ఆ మాటతో పిలిస్తే వీడియో కింద కామెంట్లు నేను చదవను బాబూ.

నేను: అదీ నిజమే. టెన్షన్ మళ్లీ మొదలు.

డల్లాస్ నుంచి ఒకరు: అక్కా, పినప్‌కీ అణుబాంబుకీ చుట్టరికం ఆటవాళ్లు సరదాకి కలిపిందని అనుకుంటారు చాలామంది. కాదు. 1946 జులై 1న పసిఫిక్‌లో బికినీ దీవుల దగ్గర అమెరికా పేల్చిన బాంబుకి ముద్దుపేరు 'గిల్డా', అదే ఏడు వచ్చిన సినిమాలో రీటా హేవర్త్ పాత్ర పేరు. ఆవిడ బొమ్మని బాంబు మీద అంటించారు. ఆ సంగతి తెలిసి ఆవిడకి ఒళ్లు మండిపోయిందని అప్పటి భర్త ఆర్సన్ వెల్స్ తర్వాత చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత జులై 5న పారిస్‌లో లూయీ రెయార్ రెండు ముక్కల ఈతదుస్తుల్ని జనానికి చూపించి వాటికి ఆ దీవుల పేరే పెట్టాడు. భాషా గ్రూపు కదా, 'బికినీ' అనే మాట మన నోటికి వచ్చిన దారి ఇది. ఆ దీవుల జనాన్ని అంతకుముందే ఊరు ఖాళీ చేయించారు.

నేను: ఇది నాకు తెలియదు. చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. బాంబు చర్మం మీద కూడా అంటించారా! సరే, స్క్రిప్టులో ఇది ఉండి తీరాలి, తమ్ముడు వీడియో పొడుగైపోయిందని ఏడ్చినా సరే.

తమ్ముడి వాక్యంలో 'సైఫై', అంటే సైన్స్ ఫిక్షన్ సగం మాత్రం తేలిగ్గా తేలిపోయింది. 1926లో అమేజింగ్ స్టోరీస్‌తో మొదలుపెట్టి, 1939 నుంచి 1955 దాకా నడిచిన ప్లానెట్ స్టోరీస్ లాంటివన్నీ చవక కాగితం కథల పత్రికలు. ముఖచిత్రాల మీద తరచుగా కనిపించేది ఒకే ముగ్గురు: నిండా స్పేస్‌సూట్ వేసుకున్న మగవాడు, కళ్లు బయటికొచ్చిన రాక్షసజీవి, మధ్యలో ఇత్తడి రవికె ఒక్కటి వేసుకున్న అమ్మాయి. ఎర్ల్ బెర్గీ అనే చిత్రకారుడు ఈ ఇత్తడి రవికెలకే పేరుపడ్డాడు. అంతరిక్షంలో గాలి లేనిది మగవాళ్లకేనా అని నా ప్రశ్న. ఆ లెక్కన న్యూకా గర్ల్‌కి కనీసం హెల్మెట్ దక్కింది.

గేమర్ తమ్ముడు ఒకడు: అక్కా, ఇదే దారిలో ఇంకో అమ్మాయి ఉంది, సెగా కంపెనీ వాళ్ల స్పేస్ ఛానెల్ 5 ఆటలో ఊలలా. 1999, డ్రీమ్‌కాస్ట్ కన్సోల్. నారింజ రంగు డ్రెస్సు, పొడుగు బూట్లు, డాన్సు చేస్తూ న్యూస్ చదువుతుంది. ఆవిడ 1968 నాటి బార్బరెల్లా సినిమా వైపు చుట్టం. ఆ సినిమాకి మూలం 1962లో మొదలైన ఫ్రెంచి బొమ్మల కథ. కానీ ఊలలా పక్కా 1960లు, న్యూకా గర్ల్ 1950లు, కలిపెయ్యకండి.

అనకాపల్లి నుంచి ఒకావిడ: ఇంత చర్చ జరిగింది, అసలు మాట ఎవరూ పట్టించుకోలేదు. న్యూకా ఏంటండీ, అమెరికా వాళ్లు దాన్ని 'నూకా' అనే పలుకుతారు. నూక! మా ఊరి అమ్మవారు నూకాంబిక, వీధికో నూకరాజు, ఇంటికో నూకాలమ్మ. మా వాళ్లకి 'నూకా కోలా' అని చెప్తే స్థానిక సరుకు అనుకుంటారు.

వరంగల్ అన్న: మా దిక్కు నూకుడంటే తోసెయ్యడం. నూకు కోలా.

మాస్టారు: నాయనా, ప్రపంచమంతా బూడిదైపోయాక మిగిలిన పానీయం అది అంటున్నారు కదా. భూమ్మీద నూకలు చెల్లినవాళ్ల కోలా అనండి, కథంతా అందులోనే వచ్చేస్తుంది.

నేను: మాస్టారూ, మీరు రిటైరవ్వడం రాష్ట్రానికి నష్టం. ఇది టైటిల్‌కి వాడుకుంటున్నాను, బిర్యానీలో వాటా మీకు.

ఇంకోటి కూడా చూడండి. ఆ కోలా నినాదం తెలుగులో చెప్పాలంటే దాహాన్ని తుపాకీతో పేల్చెయ్యమని. న్యూకా వరల్డ్‌లో ఆ పేరుతో బొమ్మ తుపాకీ కూడా ఉంది, థర్స్ట్ జాపర్ అని. మన 'దాహం' సంస్కృతంలో కాలడమే కదా, దహనం, దాహం ఒకే ధాతువు. 'దప్పిక' అని తర్జుమా చేస్తే వట్టి కూల్‌డ్రింకు ప్రకటన. 'దాహం' అంటే కాలిపోయిన దేశం కూడా కనిపిస్తుంది. ఇంగ్లీషులో లేని మెలిక మనకి ఉచితంగా దొరికింది. ఆటలో ఆ కోలాని కనిపెట్టినవాడి పేరు విన్నారా? జాన్ కేలెబ్ బ్రాడ్‌బెర్టన్. పెప్సీ కేలెబ్ బ్రాడమ్, కోకాకోలా జాన్ పెంబర్టన్, ఇద్దర్నీ కుట్టి ఒక మనిషిని చేశారు.

మాస్టారు: సంధి నియమాలు కుదరవు. దుష్టసమాసం.

నేను: 'రెట్రో ఫ్యూచర్'కి నేను 'నిన్నటి రేపు' అని రాసుకున్నాను, నిన్నటివాళ్లు ఊహించుకున్న రేపు అనే అర్థంలో. ఎవరికైనా ఇబ్బందా?

అడ్మిన్: ఇదొక్కటీ తగాదా లేకుండా పాస్. పినప్ సంగతి తేల్చండి, నిద్రొస్తోంది.

నేను: మాటకి అమ్మాయితో పనిలేదు, గోడతో పని అని పొద్దున్న నేనే అన్నాను కదా, మరి 'గోడబొమ్మ' అంటే? క్యాలెండర్ అయినా, సెలూన్ అయినా, విమానం ముక్కు అయినా, ఆట లోపల పెంకులూడిన గోడ అయినా సరిపోతుంది. లక్ష్మీదేవికి ఇబ్బంది లేదు, బ్లోఅప్ అంకుల్‌కి అన్యాయం లేదు. 'బొమ్మ' ఎలాగూ మన భాషలో అన్ని పనులూ చేస్తుంది: పటం, ఆటవస్తువు, థియేటర్లో సినిమా, నాణేనికి ఒక వైపు. వికృతి లెక్కన సాక్షాత్తూ బ్రహ్మ కూడా.

విజయవాడ అంకుల్: గోడబొమ్మ అనగానే మా అమ్మమ్మ అడిగే పొడుపుకథ గుర్తొచ్చింది. "గోడ మీద బొమ్మ, గొలుసుల బొమ్మ, వచ్చేపోయేవాళ్లకి వడ్డించు బొమ్మ."

గేమర్ తమ్ముడు: జవాబేంటి అంకుల్? న్యూకా గర్లా?

విజయవాడ అంకుల్: తేలు, నాయనా.

నేను: ఆపండి ఆపండి, ఇదే. చేతిలో తుపాకీ, కోలాలో రేడియేషన్, పైకి నవ్వు. మొదటి వాక్యం ఇలా మార్చాను: "నూకా పిల్ల నిన్నటి రేపు నుంచి వచ్చిన గోడబొమ్మ, దగ్గరికెళ్తే వడ్డిస్తుంది." తమ్ముడికి పంపాను. "సూపర్ అక్కా, కానీ 'మస్కట్' మిస్సయింది" అని రిప్లై ఇచ్చాడు. మస్కట్‌కి తెలుగు మాట ఎవరికైనా తెలిస్తే కొత్త పోస్టు పెట్టండి, ఇక్కడొద్దు.