మోర్మన్ల దేవుడు అంత నవ్వులాటగా ఉన్నాడా?

ఉటా ఉప్మా:
పోయిన వారం సాల్ట్ లేక్ దగ్గర మన తెలుగువాళ్ల పాట్‌లక్‌లో మాట మోర్మన్ల మీదికి, అంటే అమెరికాలో పుట్టిన ఒక కొత్త క్రైస్తవ శాఖ మీదికి మళ్లింది. బంగారు రేకులట, వాటి మీది మోర్మన్ గ్రంథాన్ని వాళ్ల ప్రవక్త టోపీలో రాయి వేసుకుని అందులోకి చూస్తూ చెప్పాడట, దేవుడి దగ్గర కోలోబ్ అనే నక్షత్రం ఉందట. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. కారెక్కాక నాకు అనుమానం పట్టుకుంది. పాల సముద్రాన్ని పాముతో చిలికారంటే మనకు నవ్వు రాదు. 1827లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆ ప్రవక్త, జోసెఫ్ స్మిత్ అనే రైతు కొడుకు, గుట్టలోంచి రేకులు తీశాడంటే మాత్రం వస్తుంది. తేడా ఎక్కడ? పాతబడటంలో. ఆవకాయలాగే మతానికీ ఊరే టైము కావాలి. జాడీ మూత నిన్ననే పెట్టారు కాబట్టి మనకు పచ్చివాసన వేస్తోంది, అంతే.

నేను మోర్మన్‌ని కాను, అవను కూడా. వాళ్లకి టీ కూడదు, పొద్దున్నే అల్లం టీ పడకపోతే నాకు ఇంట్లోవాళ్ల పేర్లే గుర్తురావు. కానీ వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నా. కొట్టండి చూద్దాం.

పచ్చి లెక్క:
గురూ, పాతబడితే అబద్ధం నిజమవదు, కొత్తదైతే నిజం అబద్ధమవదు. ఒప్పుకుంటా. కానీ కొత్తదానికి ఒక చిక్కుంది, దాన్ని తనిఖీ చెయ్యొచ్చు. తాళ్ళపాక వారి రాగిరేకులు తిరుమలలో బయటపడ్డాయి, చదివారు, అచ్చేశారు. మరి ఈ బంగారు రేకులేవీ? దేవదూత వెనక్కి పట్టుకుపోయాడట!

ఉటా ఉప్మా:
రేకులు చూశామన్న సాక్షులున్నారుగా, పదకొండు మంది. అందులో ముఖ్యులు ముగ్గురు: ఆలివర్ కౌడరీ, డేవిడ్ విట్మర్, మార్టిన్ హారిస్. హారిస్ అయితే ఆ పుస్తకం 5,000 ప్రతుల అచ్చుకూలి కోసం పొలం తాకట్టు పెట్టాడు. తర్వాత ముగ్గురూ స్మిత్‌తో చెడి సంఘం బయటికి పోయారు. అయినా రేకుల మాట వెనక్కి తీసుకోలేదు. ఉమ్మడి వ్యాపారం విడిపోయాక పాత పార్ట్‌నర్ గుట్టు ఎవరు దాస్తారండీ?

పచ్చి లెక్క:
మిగతా ఎనిమిది మంది సంగతి దాటేశారే. ముగ్గురు స్మిత్ తండ్రీ తమ్ముడూ అన్నా. మిగతా ఐదుగురిలో నలుగురు విట్మర్ కొడుకులు, ఒకడు ఆ ఇంటి అల్లుడు. ఇది సాక్ష్యమా, శుభలేఖలో 'బంధుమిత్రుల అభినందనలతో'నా?

ఉటా ఉప్మా:
హహ, ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. పురావస్తు శాఖ వదిలేసి తత్త్వానికి వద్దాం, నా అసలు సరుకు అక్కడుంది.

లోకంలో ఇంత ఏడుపెందుకు అన్న ప్రశ్నకు మామూలు చర్చిల్లో జవాబు చెప్పడం కష్టం. శూన్యంలోంచి అన్నీ దేవుడే చేశాడు, ఆయన సర్వశక్తిమంతుడు, మరి పసిపిల్లకి క్యాన్సర్ ఎందుకు? స్మిత్ ఆ ముడినే కోసేశాడు. శూన్యంలోంచి సృష్టి లేదు, పదార్థం ఎప్పుడూ ఉంది. మన లోపలి చైతన్యమూ ఎవరూ చేసింది కాదని 1833లోనే చెప్పాడు. అంటే దేవుడు మన బడికి హెడ్మాస్టరు. పిల్లల్ని ఆయన తయారుచెయ్యలేదు, లెక్కల సూత్రాలూ ఆయన కనిపెట్టలేదు. అందరినీ తనంత చదువు చదివించాలని తాపత్రయపడుతున్నాడు. జీవుడూ అనాదే, ప్రకృతీ అనాదే అని విన్న చెవులకు ఇది అంత వింతగా ఉందా?

పాత చర్చి పక్కిల్లు:
గుంటూరు నుంచి రాస్తున్నానండీ, మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. హెడ్మాస్టరు పోలిక బాగుంది. కానీ ఆయన్ని ఎవరు అపాయింట్ చేశారు? "మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడో దేవుడు ఒకప్పుడు అలా ఉన్నాడు" అన్న లొరెంజో స్నో (వాళ్ల సంఘానికి ఒకప్పటి అధ్యక్షుడు) మాట వాళ్లలో అందరికీ కంఠతా వచ్చు. మరి ఒకప్పుడు మనిషిగా ఉన్న ఆ దేవుడు కష్టం వస్తే ఎవరికి ప్రార్థన చేశాడండీ? ఆయన పైన ఇంకొకాయన, ఆపైన ఇంకొకాయన... ఇది దైవత్వమా, ప్రమోషన్ల లిస్టా? సూత్రాలు ఆయనకన్నా పెద్దవైతే నేను ఆ సూత్రాలకే దణ్ణం పెట్టుకుంటాను.

ఉటా ఉప్మా:
మాస్టారూ, మొదలు లేనిది ఒక్కటే ఉందని మీరంటారు. చాలా ఉన్నాయని వాళ్లంటారు. లెక్కలో తేడా, అంతేగా. ఇక దణ్ణం సంగతి. మా నాన్న గురుత్వాకర్షణ కన్నా గొప్పవాడేం కాదు, అయినా నేను కాళ్లు మొక్కింది నాన్నకే.

కరివేపాకు:
మీ మగవాళ్ల చర్చలో ఒక్కరూ ఎత్తని మాట: వాళ్లకి పరలోకపు తల్లి కూడా ఉంది. 1845లో ఎలైజా స్నో అనే ఆవిడ కీర్తనే రాసింది, తండ్రి ఉన్నచోట తల్లి లేకుండా ఎలా ఉంటుందని. నాకు నచ్చిన వాదన ఇదొక్కటే. కానీ ఆ తల్లికి ప్రార్థన చెయ్యకూడదట! మనకైతే ముందు అమ్మవారిని ప్రసన్నం చేసుకోనిదే అయ్యవారి దగ్గర ఫైలు కదలదు.

ఇంకోటి. మొన్న మా ఇంటికి ఇద్దరు మోర్మన్ ప్రచారకులు, కుర్రాళ్లు, వచ్చారు. మీసం సరిగ్గా మొలవలేదు, చొక్కా మీద నల్లటి బ్యాడ్జీ, దాని మీద 'ఎల్డర్'. పెద్దవారట! చలిలో వణుకుతున్నారని టీ ఇచ్చా. కప్పు రెండు చేతులతో పట్టుకుని వెచ్చబెట్టుకున్నారు గానీ తాగలేదు. వేడి పానీయం కూడదట. మరి హాట్ చాక్లెట్? పర్లేదట. ఐస్ టీ? కూడదట. వేడి కూడదంటే చల్లటి టీ ఏం పాపం చేసిందో, వకీలుగారు చెప్పాలి.

ఉటా ఉప్మా:
'వేడి పానీయాలు' అంటే టీ, కాఫీ అని పెద్దలు ఖరారు చేశారండీ. ఏకాదశి నాడు అన్నం కూడదు, ఉప్మా పర్లేదు. ఈ లెక్క మీకు తెలియనిదా?

పాత చర్చి పక్కిల్లు:
బతికున్నవాళ్లని బదులుగా నిలబెట్టి చనిపోయినవారికి బాప్తిస్మం ఇస్తారే, దాని మాటేమిటి? కొరింథీయులకు మొదటి పత్రిక 15:29 చూపిస్తారు, అది ఒక్క వచనం. నాజీల మారణకాండ హోలోకాస్ట్‌లో చనిపోయిన యూదులకు కూడా ఇచ్చేశారు. ఆ సమాజం బాధపడితే 1995లో ఆపుతామని ఒప్పుకున్నారు. అడగకుండా చేసే మేలు మేలేనా?

ఉటా ఉప్మా:
యూదుల విషయంలో మీతోనే ఉన్నాను, అది తప్పే. కానీ సూత్రం చూడండి. క్రీస్తు పేరే వినకుండా పోయిన మా ముత్తాతని నేరుగా నరకానికి పంపే లెక్క కన్నా, పైలోకంలో ఆయన ముందు ఒక ఆహ్వానం పెట్టి 'ఇష్టమైతే తీసుకో, లేకపోతే లేదు' అనే లెక్క నయం కాదా? వాళ్ల సిద్ధాంతం అదే.

కరివేపాకు:
పిండం పెట్టి కాకిని పిలిచేటప్పుడు మా తాతగారి అనుమతి మేమూ అడగలేదు లెండి.

పచ్చి లెక్క:
అందరూ రాజీ పడిపోతున్నట్టున్నారు, ఒక పుల్ల వేస్తా. స్మిత్ 1835లో ఈజిప్టు మమ్మీలతో పాటు పపైరస్ (పాత ఈజిప్టు రెల్లు కాగితం) చుట్టలు కొని, అబ్రాహాము గ్రంథం అని తర్జుమా మొదలుపెట్టాడు. కోలోబ్ అందులోదే. కొన్ని ముక్కలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడ్డాయి, 1967లో వాటిని సంఘానికి ఇచ్చేశారు. ఈజిప్టు లిపి వచ్చినవాళ్లు చదివితే, శవంతో పాటు పెట్టే మామూలు అంత్యక్రియల పాఠం. ముక్కల మీది అక్షరాలకూ ఆ గ్రంథానికీ పొంతన లేదని 2014లో సంఘమే రాసుకుంది. వకీలుగారూ?

ఉటా ఉప్మా:
అసలు చుట్ట పోయిందని కొందరంటారు. ఆ పపైరస్ ఊరికే ప్రేరణ ఇచ్చిందని ఇంకొందరంటారు. రెండూ నాకు మింగుడుపడలేదు. ఈ కేసులో వాయిదా కావాలి.

కరివేపాకు:
మీరు వాయిదా తీసుకోండి. ఆ పిల్లలు శనివారం మళ్లీ వస్తామన్నారు, బూస్ట్ ఇస్తే తాగుతారా లేదా, అది తేల్చండి ముందు.