చెన్నై మాల్స్‌లో పార్కింగ్ రుసుము: తెలంగాణ నియమం ఇక్కడా రావాలా?

మైలాపూరు వాసి:
రాయపేటలోని ఎక్స్‌ప్రెస్ అవెన్యూ అయినా, వేళచ్చేరిలోని ఫీనిక్స్ అయినా, మన నగరంలో పెద్ద మాల్‌కు బండి మీద వెళ్లిన వారు గంటల లెక్కన పార్కింగ్ రుసుము కట్టక తప్పడం లేదు. తెలంగాణలో 2018లో వచ్చిన జీవో ఈ విషయాన్ని వేరే విధంగా తేల్చింది. అక్కడ మొదటి అరగంట అందరికీ ఉచితం. అరగంట నుంచి గంట వరకు ఏదైనా కొన్నట్టు బిల్లు చూపితే చాలు. గంట దాటితే, బిల్లు మొత్తం పార్కింగ్ రుసుము కంటే ఎక్కువగా ఉన్నప్పుడు రుసుము తీసుకోకూడదు. గుజరాత్ హైకోర్టు 2019లో ఇంకా ముందుకు వెళ్లి, మాల్స్‌కు పార్కింగ్ రుసుము వసూలు చేసే హక్కే లేదన్నది.

వాహనాలకు చోటు చూపించనిదే మాల్ నిర్మాణానికి అనుమతి రాదు. పైగా పార్కింగ్‌కు కేటాయించిన విస్తీర్ణాన్ని ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టవచ్చో చెప్పే పరిమితి) లెక్కలో కలపరు కనుక, ఆ మేరకు దుకాణాలకు అదనంగా కట్టుకునే వెసులుబాటు యజమానికి ముందే దక్కింది. అనుమతి కోసం చూపిన చోటునే మళ్లీ మనకు గంటల చొప్పున అద్దెకివ్వడం న్యాయం కాదని నా అభిప్రాయం. తెలంగాణ నియమం ఇక్కడా రావాలన్నది నా కోరిక.

వడపళని పాఠకుడు:
మైలాపూరు వాసి గారు యజమానికి ముందే దక్కిన వెసులుబాటు గురించి చెప్పిన మాటతో నాకు పేచీ లేదు. అయితే మా పేటలోని విజయా మాల్ సంగతి చూడండి. ఒకప్పుడు నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా వాహినీ స్టూడియో ఉన్న స్థలమది. 2015 నుంచి వడపళనిలో మెట్రో స్టేషన్ ఉంది. పార్కింగ్ ఉచితమైతే, ఉదయం కారును మాల్ బేస్‌మెంట్‌లో పెట్టి మెట్రోలో ఆఫీసుకు వెళ్లి సాయంత్రం తీసుకునే వారితోనే ఆ అంతస్తులు నిండిపోతాయి. నిజంగా కొనుగోలుకు వచ్చిన కుటుంబం వీధిలో చోటు వెతుక్కోవలసి వస్తుంది. ఇంకొక మాట: బేస్‌మెంట్‌లో దీపాలకు, గాలి యంత్రాలకు, కాపలా సిబ్బందికి అయ్యే ఖర్చు ఎక్కడికీ పోదు. కారు వారి దగ్గర తీసుకోకపోతే అది సరుకు ధరలో కలుస్తుంది, అప్పుడు బస్సులో వచ్చిన వారు కారు వారి కోసం చెల్లించినట్టవుతుంది.

మైలాపూరు వాసి:
మీ మొదటి అభ్యంతరానికి జవాబు ఆ జీవోలోనే ఉంది. రోజంతా కారు వదిలి వెళ్లే ఉద్యోగి దగ్గర బిల్లు ఉండదు, కనుక అతను పూర్తి రుసుము కట్టవలసిందే. రెండవదానికి నా దగ్గర అంత గట్టి సమాధానం లేదు.

మాల్‌లో దుకాణదారు:
నగరంలోని ఒక మాల్‌లో నాకు చిన్న దుకాణం ఉంది కనుక ఆ రెండవ అభ్యంతరం గురించి నేను చెబుతాను. మేము అద్దె కాకుండా నిర్వహణ ఛార్జీ అని నెలనెలా వేరుగా కడుతున్నాము. పార్కింగ్ ఆదాయం తగ్గిన రోజున యాజమాన్యం చూసేది ఈ ఛార్జీ వైపే. పెద్ద బ్రాండ్లు బేరమాడి తప్పించుకోగలవు, మా వంటి వారికి ఆ శక్తి లేదు. అలాగని ఇప్పటి పద్ధతి మాకు లాభమని కూడా చెప్పలేను. మూడవ గంట మొదలవుతుందనగానే చీర చూస్తున్న ఆవిడను ఆమె భర్త తొందరపెట్టడం మేము ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాము. ఆ బేరం ఇక తిరిగి రాదు.

అన్నానగర్ బైకు:
సినిమా సంగతి ఎవరూ ఎత్తలేదు. తమిళనాడు ప్రభుత్వం 2017లో మల్టీప్లెక్స్ టికెట్ గరిష్ఠ ధరను, పన్నులు కాక, 150 రూపాయలుగా నిర్ణయించింది. సామాన్యుడికి సినిమా అందాలనే కదా ఆ పరిమితి! విరామంతో కలిపి మూడు గంటల సినిమాకు, పైకీ కిందికీ వెళ్లిరావడానికి పట్టే సమయం కూడా చేర్చి పార్కింగ్ లెక్క కడితే, ఆ పరిమితి వల్ల మిగిలినదానిలో కొంత బేస్‌మెంట్‌లోనే పోతుంది. సినిమా టికెట్టును కూడా బిల్లుగా లెక్కించే నియమమైతే నేను సమర్థిస్తాను.

మైలాపూరు వాసి:
సినిమా టికెట్టు విషయంలో మీ సూచన సరైనది. దుకాణదారు గారి మాట విన్న తరువాత నా కోరికకు ఒక షరతు చేరుస్తున్నాను: తగ్గిన పార్కింగ్ ఆదాయాన్ని అద్దెదారుల నిర్వహణ ఛార్జీలో కలపరాదని జీవోలోనే స్పష్టంగా రాయాలి. ఆ వాక్యం లేకుండా తెలంగాణ నియమాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చేటట్టయితే, నేనూ దుకాణదారు గారి పక్షానే నిలబడి దానిని వ్యతిరేకిస్తాను.